ఆ నాలుగు ప్రెల్యూడ్లలో చావు లేదు

వీత్యెజ్‌స్లవ కప్రాలొవా పేరుతో యూట్యూబ్‌లో ఏ పియానో ముక్క వెతికినా, కింద వివరణలో మొదటి వాక్యం దాదాపు ఒకేలా ఉంటుంది. పాతికేళ్ళకే పోయిన చెక్ కంపోజర్, అని. కచేరీ కరపత్రాల్లోనూ అదే వరస. పాట మొదలయ్యేలోపే వినేవాడి ముఖం సంతాపసభలో కూర్చున్నవాడి ముఖంలా తయారవుతుంది. వాయించేవాళ్ళూ ఆ కరపత్రం చదివే స్టేజీ ఎక్కుతారు కాబట్టి వాళ్ళ చేతులు కూడా బరువెక్కుతాయి. ఫలితంగా "దుబ్నొవా ప్రెలూదియా", అంటే ఏప్రిల్ ప్రెల్యూడ్లు (ప్రెల్యూడ్ అంటే చిన్న వాద్య రచన) అనే నాలుగు చురుకైన ముక్కలు నెమ్మదిగా, తడితడిగా, పెడల్‌లో (కాలితో తొక్కితే స్వరాలు ఆగకుండా మోగుతాయి) నానిపోయి వినిపిస్తున్నాయి. స్కోరులో, అంటే ఆమె రాసిన స్వరలిపిలో, అలా లేదు. నా గొడవంతా దీని గురించే.

విషాదం నిజమే, దాన్ని కాదనడం లేదు. ఆమె 1915 జనవరి 24న చెక్ నగరం బ్ర్నోలో పుట్టింది. 1940 జూన్ 16న ఫ్రాన్స్‌లోని మోంపెలియేలో పోయింది. పారిస్ జర్మన్ సేనల చేతికి చిక్కి అప్పటికి రెండు రోజులు. చిత్రకారుడు అల్ఫోన్స్ ముఖా కొడుకు యిర్జీ ముఖాతో పెళ్ళయి రెండు నెలలు కూడా నిండలేదు. మరణకారణం క్షయ అని రాశారు. యుద్ధం, ప్రవాసం, కొత్త పెళ్ళి, అకాలమరణం అన్నీ ఉన్న కథ దొరికితే ఇక స్వరాలు వినే ఓపిక ఎవరికుంటుంది?

కానీ ప్రెల్యూడ్లు రాసింది 1937లో. ఆమెకి 22 ఏళ్ళు. చావు మూడేళ్ళ దూరంలో ఉందని ఆమెకి తెలియదు, కాగితానికీ తెలియదు. 1940లో జరిగినదాన్ని పట్టుకెళ్ళి 1937 నాటి స్వరాల్లో వెతికితే దొరక్కపోదు, వెతికేవాడికి ఎప్పుడూ ఏదో ఒకటి దొరుకుతుంది. అలా దొరికినదాన్ని వాయిస్తే మాత్రం ముక్క పాడవుతుంది.

ముందు పేరు సరిగ్గా పలుకుదాం. మన తెలుగువాళ్ళకి ఈ విషయంలో ఒక సౌకర్యం ఉంది, ఇంగ్లీషువాళ్ళకి లేదు, హిందీవాళ్ళకీ లేదు. చెక్‌లో అచ్చు మీద చిన్న గీత ఉంటే దీర్ఘం, లేకపోతే హ్రస్వం. మనకున్నట్టే ఎ-ఏ, ఒ-ఓ తేడా స్పష్టంగా ఉంటుంది. అందుకే కప్రాలొవా: క హ్రస్వం, ప్రా దీర్ఘం, లొ హ్రస్వం, వా దీర్ఘం. తెలుగులో రాస్తే రాసినట్టే పలకొచ్చు. ఒత్తు మాత్రం ఎప్పుడూ మొదటి అక్షరం మీదే, దీర్ఘం ఎక్కడున్నా సరే. అంటే "క" మీద దెబ్బ, "ప్రా" మీద నిలకడ. (మన ఛందస్సు లెక్కలో సంయుక్తాక్షరం ముందున్న "క" గురువై కూర్చుంటుంది. చెక్ చెవికి అది లఘువే. ఆ పేచీ ఇక్కడ వద్దు.) ఒత్తు ఒకచోట, దీర్ఘం ఇంకోచోట ఉండొచ్చన్న ఈ సంగతి ఉచ్చారణతో అయిపోయేది కాదు. మూడో ప్రెల్యూడ్ దగ్గరికొచ్చినప్పుడు మళ్ళీ కావాలి, గుర్తుంచుకోండి.

ఇక "దుబ్నొవా". చెక్‌వాళ్ళు నెలలకి లాటిన్ పేర్లు వాడరు, సొంత పేర్లున్నాయి. ఏప్రిల్‌ని "దుబెన్" అంటారు. "దుబ్" అంటే ఓక్ చెట్టు. ఓక్ చిగురేసే నెల కాబట్టి దుబెన్. ఏప్రిల్ అనగానే మనకి రోహిణి కార్తె ముందరి ఎండ, ఆవకాయ కారాలు, పరీక్షలయ్యాక సెలవులు తడతాయి. అక్కడ అది తిక్క నెల. పొద్దున ఎండ కాసి, మధ్యాహ్నం మంచు రాలి, సాయంత్రం వాన పడొచ్చు. వాళ్ళ సామెత ఒకటుంది: మార్చిలో పొయ్యి వెనక దూరతాం, ఏప్రిల్‌లోనూ అక్కడే ఉంటాం, అని. కాబట్టి శీర్షికలో "ఏప్రిల్" కనిపించగానే పూలూ కోయిలలూ ఊహించుకోవడం కూడా తప్పే. ఈ నాలుగు ముక్కల్లో ఉన్నది నిలకడలేని వాతావరణం. గబుక్కున మబ్బు పడుతుంది, గబుక్కున విడిపోతుంది. వాయించేవాళ్ళు ఆ "గబుక్కున"ని కాపాడితే చాలు, సగం పని అయినట్టే.

ఇప్పుడు స్కోరు తెరుద్దాం. నాలుగు ముక్కల మీదా వేగం, తీరు చెప్పే మాటలు ఇవి. మొదటిది అల్లెగ్రో మా నాన్ త్రోప్పో, చురుగ్గా, మరీ పరుగెత్తకుండా. రెండోది అందాన్తే. మూడోది అందాన్తే సెంప్లిచే. నాలుగోది వీవో, హుషారుగా. చూడండి, ఇందులో "దుఃఖంగా" లేదు. "బాధతో", "విలపిస్తూ" లాంటి ఇటాలియన్ మాటలు కంపోజర్ల దగ్గర డజనుకి పైగా ఉంటాయి, ఇక్కడ శీర్షికల్లో ఒక్కటీ లేదు. ఆవేశం కావాలంటే అడగడం ఆమెకి చేతకాక కాదు. నాలుగేళ్ళ ముందు, 1933లో, 18 ఏళ్ళప్పుడు రాసిన పియానో సొనాటాకి పేరే "సొనాటా అప్పాస్యోనాతా", ఓపస్ (అంటే రచన వరస సంఖ్య) 6. అందులో మొదటి భాగం మీద "మాయెస్తోసో అప్పాస్యోనాతో" అని రాసింది. అంటే ఆవేశం కావలసినచోట ఆవేశమనే రాసే మనిషి. అదే మనిషి 1937లో "సెంప్లిచే" అని రాస్తే, అంటే సాదాగా అంటే, సాదాగానే వాయించాలి. ఇందులో వ్యాఖ్యానం చేయడానికేముంది?

అందాన్తే మాట కూడా చాలామందిని తప్పుదోవ పట్టిస్తోంది. అది నడక అన్న మాటలోంచి వచ్చింది. నెమ్మది అనుకుంటారు గానీ కాదు, నడిచే మనిషి ఆగడు. నెమ్మది కావాలంటే అదాజియో ఉంది, లెంతో ఉంది, లార్గో ఉంది.

ఈ నాలుగూ కలిపి తొమ్మిది నిమిషాల చుట్టుపక్కల అవుతాయి. మీ ఫోన్‌లో రికార్డు చేసుకుని చూడండి. మొత్తం పదకొండు దాటితే ఆ అదనపు రెండు నిమిషాలు ఎక్కడ కలిశాయో వెతకండి. నూటికి తొంభైసార్లు రెండో ప్రెల్యూడ్‌లోనో మూడో ప్రెల్యూడ్‌లోనో దొరుకుతాయి. మూడో దాంట్లో అయితే వాక్యం చివర ప్రతిసారీ నిట్టూర్పు విడిచినట్టు ఆగడం వల్ల. ఒక్కో ఆపు అర సెకనే అనిపిస్తుంది, పాతిక ఆపులు కలిస్తే నడక పోతుంది.

1937లో ఆమె ఏం చేస్తోందో ఒకసారి చూస్తే ఈ సంగీతం ఎక్కడి నుంచి వస్తోందో తెలుస్తుంది. 1935లో బ్ర్నో కన్సర్వేటరీ ముగించి ప్రాగ్ వచ్చింది. కంపోజిషన్‌కి వీత్యెజ్‌స్లవ్ నొవాక్ దగ్గర, కండక్టింగ్‌కి, అంటే ఆర్కెస్ట్రాని కర్రతో నడపడానికి, వాత్స్లవ్ తలిఖ్ దగ్గర చేరింది. నొవాక్ పేరున్న చెక్ కంపోజర్ ద్వోర్జాక్ శిష్యుడు. 1937లో అక్కడ చదువు పూర్తయింది. చదువు చివర రాసిన "మిలిటరీ సిన్‌ఫొనియెట్టా", ఓపస్ 11, ఆ నవంబర్ 26న ప్రాగ్‌లోని లుత్సెర్న హాల్లో చెక్ ఫిల్హార్మోనిక్ వాయించింది. కర్ర పట్టుకున్నది ఆమే. మరుసటి జూన్‌లో లండన్‌లో బీబీసీ ఆర్కెస్ట్రాతో అదే రచనని మళ్ళీ నడిపింది. వందమంది ఆర్కెస్ట్రా ముందు నిలబడి కర్ర ఊపే 22 ఏళ్ళ అమ్మాయి, రాత్రి ఇంటికొచ్చి కిటికీ దగ్గర కూర్చుని నీరసంగా పియానో ముక్కలు రాసుకుంది అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు.

ఓపస్ అంకెలు కూడా ఒక మాట చెబుతాయి. ప్రెల్యూడ్లు ఓపస్ 13. 12, 14 రెండూ పాటలు. ఓపస్ 12 "నవ్‌జ్దీ", ఓపస్ 14 చెక్ కవి నెజ్వల్ కవితకి కట్టిన "స్బొహెమ్ అ షాతెచెక్". ఈ రెండు పాటల మధ్య ఇరుక్కుని ఉన్నాయి ప్రెల్యూడ్లు. పైగా ఇల్లే పాటల ఇల్లు. తల్లి గాయని. తండ్రి వాత్స్లవ్ కప్రాల్ కంపోజర్, ప్రసిద్ధ చెక్ కంపోజర్ యానాచెక్ శిష్యుడు, 1911 నుంచి బ్ర్నోలో సొంత సంగీత పాఠశాల నడిపినవాడు. కాబట్టి ఈ పియానో ముక్కల్లో కుడిచేతి పై స్వరాన్ని గొంతుగా ఊహించుకోవడం న్యాయం. గొంతు అనుకుంటే ఊపిరి గుర్తొస్తుంది. ఊపిరి గుర్తొస్తే మరీ సాగదీయడం కుదరదు, పాడేవాడు చస్తాడు.

మార్తినూ సంగతి కూడా ఇక్కడే తేల్చేయాలి. బొహుస్లవ్ మార్తినూ, పారిస్‌లో ఉంటున్న పేరున్న చెక్ కంపోజర్, 1937 ఏప్రిల్‌లో ప్రాగ్ వచ్చినప్పుడు ఇద్దరికీ పరిచయమైంది. ఆయనకి 46, ఈమెకి 22. తర్వాత గురువు, స్నేహం, అంతకుమించి. ఏప్రిల్ అన్న మాట, ఏప్రిల్‌లో పరిచయం. ఇంకేం, ప్రేమకథ సిద్ధం. ఆమె హార్మొనీ (స్వరాలని కలిపి మోగించే తీరు) అంతా ఆయన నేర్పిందే అనేదాకా వెళతారు కొందరు. ఆమె ఆయన దగ్గర పాఠాలు మొదలుపెట్టింది ఆ అక్టోబరులో పారిస్ చేరాకే. ఓపస్ 13 నొవాక్ తరగతి నుంచి బయటికొస్తున్న మనిషి రాసింది. చావు నీడనుంచి తప్పించి, ప్రియుడి నీడలో కూర్చోబెడితే ఏం లాభం?

అంకితం మాత్రం పట్టించుకోవలసిన సమాచారం. ప్రెల్యూడ్లు రుడోల్ఫ్ ఫిర్కుష్నీ అనే పియానిస్టుకి అంకితం. ఫిర్కుష్నీ 1912లో మొరావియాలోని (బ్ర్నో ఉన్న ప్రాంతం) నపయెద్లలో పుట్టాడు. చిన్నప్పుడే బ్ర్నోలో యానాచెక్ దగ్గర నేర్చుకున్నాడు. తర్వాత అమెరికా వెళ్ళిపోయి చెక్ సంగీతానికి ప్రపంచంలో పెద్ద గొంతుకయ్యాడు. ఆయన వాయించిన యానాచెక్ రికార్డులు వింటే ఒకటి తెలుస్తుంది: శబ్దం శుభ్రం, వేగం నిక్కచ్చి, కన్నీళ్ళు పెట్టించే ప్రయత్నం లేదు. ఎవరి చేతుల కోసం రాశారో ఆ చేతుల తీరు కూడా స్కోరులో భాగమే. సంతాపం కావాలనుకుంటే ఆమె వేరే పియానిస్టుని ఎంచుకునేది.

సరే, సాధన. ఎనిమిదో గ్రేడు స్థాయి చేయి ఉన్నవాళ్ళకి మూడో ప్రెల్యూడ్ అందుతుంది. మిగతా మూడింటికీ అంతకంటే ఎక్కువే కావాలి. అందుకని వరస మార్చి నేర్చుకోండి: మూడు, ఒకటి, నాలుగు, చివరికి రెండు. రెండోది వేళ్ళకి కష్టం కాదు, చెవికి కష్టం. మిగతా మూడింటి హార్మొనీ అలవాటయ్యాక తెరిస్తే అది దారి చూపిస్తుంది. ముందే తెరిస్తే మసక.

ఆ హార్మొనీ గురించి కాస్త. కీబోర్డ్ ముందు కూర్చుని సి-ఇ-జి నొక్కండి. మన లెక్కలో స, అంతర గాంధారం, ప. చెవికి ఇల్లు చేరినట్టుంటుంది. ఇప్పుడు సి-ఎఫ్-బి ఫ్లాట్ నొక్కండి. స, శుద్ధ మధ్యమం, కైశికి నిషాదం. ఇక్కడ ఇల్లు లేదు, గుమ్మం ఉంది. ఎటైనా వెళ్ళొచ్చు. నాలుగో స్వరం మీద నాలుగో స్వరం పేర్చిన ఇలాంటి కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) ఆ తరం మధ్య యూరప్ సంగీతంలో బాగా వాడుక. ఈ కాలపు కప్రాలొవా రచనల్లోనూ వినిపిస్తాయి. దీనికి తోడు కుడిచేయి ఒక స్వరస్థానం మీద నిలబడి, ఎడమచేయి ఇంకోదాని మీద నిలబడే తీరు ఉంది. రెండు శ్రుతిపెట్టెలు పక్కపక్కన వేరే వేరే శ్రుతిలో పెట్టి, రెండూ మోగుతుండగా ఒకడు పాడుతున్నట్టు ఊహించుకోండి. మన చెవి మొదట తిరగబడుతుంది. అది సహజం.

తప్పు జరిగేది కూడా ఇక్కడే. రెండు చేతులూ ఒకే బలంతో వాయిస్తే రెండు శ్రుతులు ఢీకొని వట్టి గోల మిగులుతుంది. గోలకి భయపడి వాయించేవాడు అంతటినీ మెత్తబరుస్తాడు, మెత్తబరిస్తే మసకబారుతుంది, మసకబారితే "ఆహా, ఎంత విషాదం" అంటారు వినేవాళ్ళు. అంటే విషాదమని మెచ్చుకుంటున్నదాంట్లో సగం మోత సరిగ్గా పంచలేకపోవడమే.

మందు ఇది. ఎడమచేయి ఒక్కటే నాలుగు బార్లు (మన తాళపు ఆవర్తాల్లాంటి కొలతలు) వాయించండి, దాని ఆధార స్వరం ఏదో గొంతుతో పట్టి నిలపండి. తర్వాత కుడిచేయి ఒక్కటే, దాని ఆధార స్వరం పట్టండి. రెండూ వేరని చెవికి తెలిశాక కలపండి. కలిపేటప్పుడు ఒక చేయి మెత్సో ఫోర్తే (ఒక మోస్తరు గట్టిగా), రెండోది పియానో (మెల్లగా), అంటే రెండు మెట్లు తక్కువ. ఆపైన తారుమారు చేసి వాయించండి. రెండు రకాలుగానూ వాయించగలిగినప్పుడు మాత్రమే స్కోరు అడిగిన సమతూకం మీ చేతికి వస్తుంది. కార్డులో పై స్వరం విడిగా వినిపించాలంటే ఇంకో చిన్న అభ్యాసం: నాలుగు స్వరాల కార్డు తీసుకుని చిటికెనవేలు ఒక్కటే బలంగా, పొట్టిగా కొట్టండి. మిగతా మూడు వేళ్ళు అదే క్షణంలో శబ్దం లేకుండా మెట్లు నొక్కి పట్టుకోవాలి. పది సార్లు. తర్వాత ఆ మూడింటినీ ఒక్క పిసరు మోగనివ్వండి. మణికట్టు చిటికెనవేలి వైపు కొద్దిగా ఒరుగుతుంది, ఒరగనివ్వండి, మోచేయి మాత్రం లేవకూడదు.

పెడల్ దగ్గర జరిగే నష్టం ఇంకా పెద్దది. మామూలు త్రిస్వర కార్డుల మీద పెడల్ కాస్త ఎక్కువైనా చెవి క్షమిస్తుంది. పక్కపక్క స్వరాలు గుచ్చుకునే హార్మొనీ మీద క్షమించదు, రెండు సెకన్లలో బురద. అందుకని ప్రతి పేజీనీ మొదట పెడల్ అస్సలు లేకుండా నేర్చుకోండి. వేలితో పట్టి ఉంచగలిగినదంతా వేలితోనే పట్టండి. వేలు చాలనిచోట, అంటే చేయి దూకవలసి వచ్చిన చోట మాత్రమే పెన్సిల్‌తో గుర్తు పెట్టి అక్కడ పెడల్ ఇవ్వండి. మార్చేటప్పుడు స్వరంతో పాటు కాకుండా స్వరం మోగిన వెంటనే కాలు ఎత్తి దించాలి. స్వరంతో పాటే దించితే పాత కార్డు తోక కొత్తదాంట్లో ఉండిపోతుంది.

మన ఊళ్ళలో ఎక్కువమంది ఇళ్ళలో ఉండేది డిజిటల్ పియానో. దానితో వచ్చే చౌక చతురస్రపు పెడల్ స్విచ్చు లాంటిది. పూర్తిగా ఆన్, లేదంటే పూర్తిగా ఆఫ్. ఈ ముక్కలకి సగం పెడల్ కావాలి, తీగల మోత ఆపే డాంపర్లు తీగల్ని కొద్దిగా తాకీతాకనట్టు ఉండే స్థితి. కాబట్టి హాఫ్ పెడల్ పనిచేస్తుందని రాసి ఉన్న పెడల్ కొనండి, మీ పియానో దాన్ని ఒప్పుకుంటుందో లేదో ముందు మాన్యువల్‌లో చూసుకుని. ఇంకొకటి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని సాధన చేస్తే గది ప్రతిధ్వని ఉండదు, ఆ వెలితి పూడ్చడానికి కాలు తెలియకుండానే పెడల్ మీదికి పోతుంది. వారానికి రెండుసార్లయినా స్పీకర్లలో వాయించండి.

మూడో ప్రెల్యూడ్‌కి వద్దాం. చూడ్డానికి జానపదగీతం లాంటి చిన్న ముక్క, అందరూ మొదట చేతులేసేది దీని మీదే, అందరూ పాడుచేసేదీ దీన్నే. ఇక్కడ పేరు ఉచ్చారణ పాఠం పనికొస్తుంది. చెక్ మాటల్లో ఒత్తు మొదటి అక్షరం మీద కాబట్టి చెక్ జానపదగీతాలు ఎక్కువగా దెబ్బ మీదే ఎత్తుకుంటాయి. మన భాషలో చెప్పాలంటే సమ ఎడుపు. దెబ్బకి ముందు ఒక స్వరంతో లాగి ఎత్తుకునే అలవాటు జర్మన్ పాటలది, వాటికి మాట ముందు "దేర్", "దీ" లాంటి ఆర్టికల్స్ ఉంటాయి. చెక్‌కి మనలాగే ఆర్టికల్స్ లేవు. పైగా ఒత్తు పడిన అక్షరం హ్రస్వమై, తర్వాతి అక్షరం దీర్ఘం కావొచ్చు. మొరావియా పాటల్లో పొట్టి స్వరం మీద దెబ్బ, ఆ వెంటనే పొడుగు స్వరం, ఈ నడక మాటిమాటికీ వస్తుంది. షోపెన్‌ పియానో సంగీతంతో పెరిగిన చేయి ఏం చేస్తుందంటే పొడుగు స్వరం కనిపించగానే దాని మీద బరువు వేస్తుంది. లఘువు మీద వెయ్యాల్సిన దెబ్బ గురువు మీద పడుతుంది. దాంతో పల్లెపాట కాస్తా పార్లర్ సంగీతమవుతుంది.

దీనికి చాలా సులువైన పరీక్ష ఉంది. "దుబ్నొవా" అన్న మాటనే తీసుకోండి. "దుబ్" మీద తొడ మీద దరువెయ్యండి, "వా"ని సాగదీయండి కానీ గట్టిగా అనకండి. పది సార్లు అన్నాక అదే ఊపుతో మెట్ల మీద ఏ మూడు స్వరాలైనా వాయించండి. దెబ్బ, నిలకడ రెండు వేర్వేరు పనులని చేతికి అర్థమవుతుంది. అప్పుడు స్కోరు తెరిచి ప్రతి వాక్యం మొదటి స్వరం కింద పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకోండి. యానాచెక్ బ్ర్నో వీధుల్లో జనం మాట్లాడే తీరుని స్వరాలుగా రాసుకుంటూ తిరిగేవాడు. ఆయన శిష్యుడి ఇంట్లో పెరిగిన పిల్లకి మాటకీ స్వరానికీ ఉన్న ఈ ముడి ఎవరో ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు.

నాలుగోది వీవో. నాట్యపు ఊపు, చమత్కారం. ఇక్కడ విషాదం వేసే వీలు లేదు కాబట్టి జనం వేరే తప్పు చేస్తారు, మొదటి బార్‌లోనే పరుగు. మీరు చేరదలచిన వేగం మెట్రోనోమ్ మీద 132 అనుకుంటే 80తో మొదలుపెట్టండి. వరసగా మూడుసార్లు తప్పు లేకుండా వస్తేనే 4 పెంచండి. రెండుసార్లు తడబడితే 8 తగ్గించండి. 108 దగ్గర నాలుగైదు రోజులు ఆగిపోండి, అక్కడే ముంజేయి బిగుసుకునే అలవాటు పడుతుంది. బిగుతు తెలియాలంటే అదే వేగంలో అంతా పియానోలో, గుసగుసగా వాయించి చూడండి. బిగుసుకున్న చేయి మెల్లగా, వేగంగా రెండూ కలిపి వాయించలేదు. గుసగుసగా వచ్చాక ఒత్తులు కలపండి. ఒత్తు అంటే ఒక్క స్వరానిదే. దాని పక్కింటికి పాకకూడదు.

ముక్కకీ ముక్కకీ మధ్య ఎంత ఆగాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. కాదు. విషాదవాదులు ఇక్కడ పదిహేను సెకన్లు తల వంచుకుని కూర్చుంటారు. నాలుగైదు సెకన్లు చాలు. ముఖ్యంగా మూడోదానికీ నాలుగోదానికీ మధ్య ఇంకా తక్కువ. వాతావరణం మారడం మనకి తెలియాలంటే పాత వాతావరణం ఇంకా చెవిలో ఉండాలి. అందుకే మూడోదాన్ని ఒక్కదాన్నే పీకి, అడిగితే వాయించే తీపి ముక్కగా వాడటం నాకు నచ్చదు. పక్కన వీవో లేని సెంప్లిచే ఇంకేదో అయిపోతుంది.

ఒక అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. రెండో ప్రెల్యూడ్‌లో కలత లేదా? ఉంది. మొత్తం నాలుగింటిలో చీకటి అదే. కానీ కలత వేరు, శోకం వేరు. కలతపడ్డ మనిషి కుదురుగా కూర్చోడు, ఇటూ అటూ నడుస్తాడు. అందాన్తే అన్న మాట మళ్ళీ ఇక్కడ సరిపోతుంది. శోకంగా వాయిస్తే స్వరాలు కిందికి వాలిపోతాయి, కలతగా వాయిస్తే ముందుకి తోసుకుంటాయి. ఒకే పేజీని ఈ రెండు తీర్లలోనూ రికార్డు చేసుకుని, రెండు రోజులాగి వినండి. ఏది ఎక్కువసేపు కుర్చీలో కూర్చోబెట్టిందో మీకే తెలుస్తుంది.

వినడానికి ఒకటి చెప్పమంటే జ్యోర్జియో కౌక్ల్ రికార్డు చెబుతాను. ప్రాగ్‌లో పుట్టిన పియానిస్టు. మార్తినూ పియానో రచనలన్నీ రికార్డు చేశాక కప్రాలొవా పియానో రచనలన్నీ వాయించాడు, గ్రాండ్ పియానో అనే లేబుల్ మీద 2017లో వచ్చింది. ఫిర్కుష్నీ మాస్టర్‌క్లాసుల్లో కూర్చున్నవాడు కూడా. అంకితం అందుకున్న చేతికీ ఈ చేతికీ మధ్య ఒక్క మెట్టే. అదే డిస్కులో సొనాటా అప్పాస్యోనాతా, 1938లో పారిస్‌లో సెంటెత్యెన్ ద్యూ మోన్ చర్చి గంటల మీద రాసిన వేరియేషన్లు (ఒకే వరసని రకరకాలుగా మార్చి రాసేవి) కూడా ఉన్నాయి. సొనాటా, ప్రెల్యూడ్లు, వేరియేషన్లు ఆ వరసలో వింటే అయిదేళ్ళలో ఆమె ఎంత కొవ్వు కరిగించిందో వినిపిస్తుంది.

స్కోరు విషయానికొస్తే, మొదట 1938లో ప్రాగ్‌లో హుదెబ్నీ మాతిత్సె అచ్చువేసింది. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ళు కాపీరైటు. ఆ గడువు ఎప్పుడో దాటింది కాబట్టి ఇక్కడ ఆమె జీవితకాలంలో అచ్చయిన రచనలు అందరివీ. యూరప్‌లో 70 ఏళ్ళు కాబట్టి 2011 నుంచి. కచేరీలో వాయించడానికి ఎవరినీ అడగక్కర్లేదు.

"ఇంకా బతికుంటే ఎంతటిదయ్యేదో" అన్న మాట ప్రేమతోనే అంటారు. కానీ అందులో ఒక చిన్నచూపు దాక్కుని ఉంది. చేసింది చాలలేదు, ముందుముందు చేయబోయేది అసలుది, అని. సుమారు 50 రచనలు వదిలిన మనిషిని మొలకగా చూడటం అది. మగవాళ్ళలో పెర్గొలేసీ 26 ఏళ్ళకి పోయాడు, షూబర్ట్ 31కి. వాళ్ళ ప్రతి పాట ముందూ ఎవరూ మరణవార్త చదవరు. 1946లో చెక్ అకాడమీ ఆమెకి మరణానంతరం సభ్యత్వం ఇచ్చింది. 1948 నాటికి ఆ గౌరవం దక్కిన 648 మందిలో ఆడవాళ్ళు 10 మంది. వాళ్ళు ఇచ్చింది చేసిన పనికి.

అందుకే కచేరీ పెట్టేవాళ్ళు అడిగితే కరపత్రంలో వేయమని నేనిచ్చే రాత ఇంతే:

వీత్యెజ్‌స్లవ కప్రాలొవా. దుబ్నొవా ప్రెలూదియా, ఓపస్ 13, 1937. రుడోల్ఫ్ ఫిర్కుష్నీకి అంకితం. అల్లెగ్రో మా నాన్ త్రోప్పో, అందాన్తే, అందాన్తే సెంప్లిచే, వీవో. సుమారు 9 నిమిషాలు. మధ్యలో చప్పట్లు వద్దు.